వెన్న వాసన

ఓల్డర్‌సీల్, 12 జనవరి 1997

గెరియోన్ బాబాయ్‌కి,

ఈ చేతిరాత ఎవరిదా అని కవరు అటూ ఇటూ తిప్పి చూసుంటావు. నేనే, మీ అన్న మాటెస్ కూతురు రోస్విటాని. నాన్న పోయినప్పుడు శ్మశానం గేటు దగ్గర చెయ్యి కలిపాం, అంతే. ఎనిమిదేళ్ళయింది. ఫోను చేద్దామనుకున్నాను. కానీ బ్రూవరీ హోరులో ముప్ఫై ఐదేళ్ళు నలిగిన చెవులు మీ బాబాయ్‌వి, ఏం చెప్పినా "హా? హా?" అంటాడు, ఉత్తరమే రాయి అని అమ్మ చెప్పింది.

విషయం ఏంటంటే, నేను బీరు కాస్తున్నాను. నవ్వకు. రొయ్యలు ఉడకబెట్టే పాత షెడ్డు ఒకటి ఇక్కడ రేవు పక్కన ఖాళీగా పడి ఉంటే నేనూ మా ఆయన మొమ్మె కలిసి తీసుకున్నాం. మూతపడ్డ పాలకేంద్రం నుంచి రెండు స్టీలు ట్యాంకులు తెచ్చాం. నెల రోజులు కడిగితే గానీ రొయ్యల కంపు పోలేదు. ఇప్పుడక్కడ బార్లీ మాల్ట్ ఉడుకుతుంటే వీధి చివరిదాకా రొట్టెల కొట్టులా ఉంటుంది.

కాసేది మన కొలోన్ తరహా లేత ఏల్ బీరు. దాన్ని కోల్ష్ అంటే, ఆ పేరు మా ఊరిదేనని మీ బ్రూవరీల వాళ్ళు కోర్టుకెక్కుతారు కాబట్టి సీసా మీద "ఓల్డర్‌సీల్ లేత ఏల్" అని మాత్రం రాయించాను. ఇక్కడి జనం చేదు బీరు పెద్ద గ్లాసుల్లో తాగేవాళ్ళు. మన సన్న గ్లాసు చూసి, "ఏంటమ్మా ఇది, దగ్గు మందా? రోజుకి మూడు పూటలా తాగాలా?" అని ఏడిపిస్తున్నారు. తాగాక రెండోది అడుగుతున్నారనుకో.

ఏప్రిల్ 19న మా ఊరి అగ్నిమాపక దళానికి వందేళ్ళు నిండుతాయి. అందరూ ఊరివాళ్ళే, జీతం లేని పని. దళం పెద్ద కేటెల్స్ గారు వచ్చి, "ఆ రోజు ఊరంతటికీ నీ బీరే పోస్తాం రోస్విటా, బాగుంటేనే సుమా" అన్నాడు. అందుకే నీ దగ్గరికి వస్తున్నాను. ఆరు సీసాలు పంపుతున్నా. తాగి, ఉన్నది ఉన్నట్టు రాయి. 1981లో చెప్పినట్టే మొహమాటం లేకుండా చెప్పు. గుర్తుందా? నాన్న పీపాలు కడిగే బ్రూవరీలోనే నేను నీ దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లో, నాలుగో ట్యాంకులో వెన్న వాసన వస్తోంది, బీరు చెడిందేమో అంటే, "ఈ పిల్లకున్నది ముక్కు కాదురా, తలుపు గొళ్ళెం. పోయి కేకులు చేసుకోమనండి" అన్నావు. అందరూ పగలబడి నవ్వారు. నేను కేకులు చెయ్యలేదు గానీ ఆ నెలలోనే ఊరు విడిచి వచ్చేశాను. ఆ మాటకి కోపం లేదు బాబాయ్. నాకు తెలిసినవాళ్ళలో నీ నాలుకంత నిక్కమైన నాలుక ఇంకొకటి లేదు, అందుకే అడుగుతున్నాను.

నీ అన్న కూతురు,
రోస్విటా


కొలోన్, 14 ఫిబ్రవరి

అమ్మాయ్ రోస్వీ,

పార్సెల్ పదిలంగా చేరింది. ఒక్క సీసా కూడా పగల్లేదు. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. కార్నివాల్ రోజుల్లో ఈ ఊళ్ళో ఎవడి కాలు ఇంట్లో నిలుస్తుంది? సోమవారం ఊరేగింపులో బళ్ళ మీంచి విసిరిన చాక్లెట్ పెట్టె ఒకటి నా టోపీ మీద పడింది. ఎదురింటి విర్ట్స్ గారమ్మ, ఆవిడ నాకంటే రెండేళ్ళు పెద్ద, తేనెటీగ వేషం వేసుకొని వచ్చి నా చెయ్యి పట్టుకొని వీధంతా తిప్పింది. బుధవారం చర్చిలో నుదుట బూడిద పెట్టించుకున్నాం. ఇప్పుడంతా సద్దుమణిగింది.

నీ బీరు. రెండు సీసాలు తీరిగ్గా కూర్చొని తాగాను. రంగు సరిగ్గా ఎండుగడ్డి రంగు, మసక లేదు. నురుగు తెల్లగా లేచి గ్లాసు అంచున కాసేపు నిలిచింది. ముందు పచ్చి ఆపిల్ తొక్క వాసన, దాని వెనక వేడి రొట్టె లోపలి మెత్తదనం, మింగాక చిరుచేదు, అది కూడా ఎక్కువసేపు ఉండకుండా మర్యాదగా వెళ్ళిపోతుంది. ఇంకొక గుక్క వెయ్యమంటుంది. మన తరహా ఏల్‌కి ఇంతకంటే ఏం కావాలి? మీ నాన్న ఉంటే పీపాల బండి మీద నీ పేరు రాయించుకొని తిరిగేవాడు.

ఆ పాత సంగతి నువ్వు ఇంకా గుర్తు పెట్టుకున్నావని చదివి నాకు మనసు బాగాలేకపోయింది. కుర్రతనం అనడానికి లేదు, అప్పటికే నాకు యాభై ఏడు. నోరు జారేవాణ్ణి. అంతే అనుకో.

ఇక్కడ కొత్త సంగతులేం లేవు. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. విర్ట్స్ గారమ్మ వచ్చి తలుపు బాదితే గానీ పాలు మాడి గిన్నె నల్లబడిందని తెలీలేదు. "ఇల్లంతా పొగ కంపు కొడుతుంటే మీకేమీ అనిపించలేదా?" అని చీవాట్లు పెట్టింది. ఆడవాళ్ళ గోల ఎప్పుడూ ఉండేదే.

మొమ్మెకి నా మాటగా చెప్పు, సన్న గ్లాసు చూసి నవ్వేవాడికి మూడో గ్లాసు పొయ్యొద్దని.

మీ బాబాయ్,
గెరియోన్


ఓల్డర్‌సీల్, 24 మార్చి

బాబాయ్‌కి,

నీ ఉత్తరం మొమ్మెకి చదివి వినిపించాను. తర్వాత మళ్ళీ నేనొక్కదాన్నే చదువుకున్నాను. ఇప్పుడది షెడ్డులో, తడి తగలని చోట, గోడకి అంటించి ఉంది. ఎవరు వచ్చినా, "కొలోన్‌లో ముప్ఫై ఐదేళ్ళు బ్రూమాస్టర్‌గా చేసిన మా బాబాయ్ రాసిందండీ" అని చూపిస్తున్నాను. సిగ్గు లేదు నాకు.

కేటెల్స్ గారు చదివి, "ఆపిల్ తొక్క అన్నాడా? నాకు బీరు వాసనే వచ్చిందే!" అని తల గోక్కొని, సరే కాయమన్నాడు. పండగ కోసం పెద్ద ట్యాంకు నిండా కాశాను. వచ్చే వారం పీపాలకి ఎక్కించాలి.

ఒక చిన్న సందేహం బాబాయ్. ఈ కాపులో నాకు సన్నగా వెన్న వాసన వస్తోంది. పొద్దున ట్యాంకు దగ్గరికెళ్తే వస్తుంది, మధ్యాహ్నం వెళ్తే వచ్చిందా లేదా అని అనుమానం. మొమ్మెని అడిగితే, తను పొద్దస్తమానం పొగబెట్టిన చేపలు తినే మనిషి, "నాకేం రావట్లేదు" అంటాడు. 1981లోనూ రాని వాసన వచ్చిందనే కదా నేను అభాసుపాలయ్యాను. నా ముక్కుని నేను నమ్మలేను. ఒక్క సీసా పంపుతున్నాను. నువ్వు ఔనంటే ట్యాంకుని ఇంకో మూడు రోజులు వెచ్చగా ఉంచి చూస్తాను. కాదంటే పీపాలు నింపేస్తాను. నీ మాట వచ్చేదాకా ఆగుతాను.

ఇంకొకటి. కోపం తెచ్చుకోకు. పాలు మాడిన సంగతి అమ్మకి చెప్పాను. ఈ మధ్య నువ్వు తనని చూసి కూడా పేరు తడుముకున్నావని అమ్మ అంది. ఒకసారి మతిమరుపు డాక్టరుకి చూపించుకోరాదూ? ఒంటరిగా ఉండే మనిషివి. అవసరమైతే ఇక్కడికి వచ్చెయ్. సముద్రం వైపు గది ఖాళీగానే ఉంది.

నీ,
రోస్విటా


కొలోన్, 29 మార్చి

రోస్వీ,

నా బుర్రకి ఏమీ కాలేదు. మీ అమ్మకి చెప్పు. ఆవిడ జుట్టుకి ఎర్రరంగు వేసుకొని ఎదురుపడితే ఎవరైనా తడుముకుంటారు. మన కొలోన్ బ్రూవరీల పేర్లు ఇప్పటికిప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకి చదివి వినిపించగలను. నన్ను మూట కట్టి సముద్రం ఒడ్డున పడేసే ఆలోచనలు పెట్టుకోకండి.

వెన్నా లేదు, గిన్నే లేదు. పీపాలు నింపు. ఇలా ప్రతి కాపుకీ భయపడుతూ కూర్చుంటే బ్రూవరీ నడవదు.

ఈస్టర్ శుభాకాంక్షలు.

గెరియోన్


ఓల్డర్‌సీల్, 22 ఏప్రిల్

బాబాయ్‌కి,

ఎలా మొదలుపెట్టాలో తెలీట్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

శనివారం ఎండ బాగా కాసింది. ఇక్కడ ఏప్రిల్లో అది వరమే. చుట్టుపక్కల ఊళ్ళ దళాలన్నీ బ్యాండుతో వచ్చాయి. సముద్రపు గట్టు కింద గుడారం వేశారు. పాస్టర్ గారు మాట్లాడారు, కేటెల్స్ గారు మాట్లాడుతూ మధ్యలో ఏడ్చేశాడు, వాళ్ళ తాత ఆ దళం పెట్టిన పదకొండు మందిలో ఒకడట. తర్వాత మొదటి పీపాకి కుళాయి కొట్టారు. ఐదు వందల మంది ఒకేసారి గ్లాసు ఎత్తారు.

ఎత్తిన చేతులు దిగిన తీరు నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒక పిల్లాడు వాళ్ళమ్మ గ్లాసు వాసన చూసి, "అమ్మా, సినిమా హాల్లో పాప్‌కార్న్ వాసన!" అన్నాడు. అప్పుడు నవ్వారు, గుడారం గుడారమంతా. రెండో పీపా, మూడో పీపా, అన్నీ అంతే. వెన్న కరిగించి పోసినట్టు ఉంది. పక్క ఊరి వాళ్ళు వాన్ వేసుకొని వెళ్ళి వాళ్ళ చేదు బీరు తెచ్చారు. కేటెల్స్ గారు మన పీపాలు తనే దొర్లించుకెళ్ళి గట్టు అవతల కాలవలో పోశాడు, నేను చూడకుండా. నేను చూశాను.

తప్పు నీది కాదు. నీకు పంపిన సీసాలో లేదు కాబట్టి, పీపాలకి ఎక్కించేటప్పుడు నేనే ఏదో చేసి ఉంటాను. లేకపోతే నాకు వచ్చిన వాసన వేరు, ఇది వేరు. ఏదైనా ఒకటే. నువ్వు పదహారేళ్ళ కిందటే చెప్పావు, నేనే వినలేదు. ఈ పని నాకు రాదు. ట్యాంకులు కొంటామని హుసుమ్ నుంచి ఒకాయన వస్తున్నాడు. గోడ మీది ఉత్తరం తీసేశాను. నువ్వు అంత బాగా రాస్తే దాన్ని నిలబెట్టుకోలేకపోయానని సిగ్గుగా ఉంది.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

రోస్విటా


కొలోన్, 25 ఏప్రిల్

రోస్వీ,

ఉత్తరం అందింది. తొందరపడి ట్యాంకులు అమ్మకు. గొట్టాలు వేడినీళ్ళతో కడిగించావా? ఒక్కోసారి గొట్టాల్లో మిగిలిపోయిన పాత ఈస్ట్ వల్ల కూడా అలా అవుతుంది. పీపాలు ఎండలో ఉన్నాయేమో కూడా కనుక్కో. ఎవరికైనా జరిగేదే.

గెరియోన్


కొలోన్, 29 ఏప్రిల్

రోస్వీ,

నాలుగు రోజుల కిందట నీకు గొట్టాల గురించి రాశాను. ఆ ఉత్తరం చించెయ్. ఇది చదువు. కూర్చొని చదువు.

నాకు వాసన తెలీదు. 1995 డిసెంబరులో ట్రామ్ దిగుతుంటే మెట్టు మీద మంచుకి కాలు జారి వెల్లకిలా పడ్డాను. తల వెనక దెబ్బ తగిలింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపేశారు. ఇంటికొచ్చి కాఫీ డబ్బా మూత తీసి ముక్కు పెట్టాను. ఏమీ లేదు. గోడ వాసన చూసినట్టుంది. సబ్బు, ఉల్లిపాయ, పెట్రోలు, నా పాత పని కోటు, అన్నీ వాసన చూశాను. డాక్టరు, "ఈ వయసులో ఇక తిరిగి రాదు, అలవాటు చేసుకోండి" అన్నాడు. నాలుక మీద ఉప్పు, పులుపు, తీపి, చేదు మిగిలాయి. మిగతాదంతా ముక్కు చేసే పనే. మనుషులు దాన్ని నాలుక అంటారు గానీ.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తాను? గెరియోన్ ప్యూట్స్ అంటే ఈ పేటలో ముక్కు. నాకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఆ ముక్కు ఒక్కటే ఉంది. గురువారం గురువారం పబ్బులో మా బల్ల దగ్గర కూర్చుంటే, "ఇవాళ్టి కాపు ఎలా ఉంది గెరియోన్?" అని అడుగుతారు. నేను గ్లాసు ఎత్తి, ముందు వాళ్ళ మొహాలు చూస్తాను. మొహాల్లో ఏముందో అది చెప్తాను. ఏడాదిన్నరగా ఒక్కడూ కనిపెట్టలేదు. పాలు ఎందుకు మాడాయో నీకిప్పుడు అర్థమై ఉంటుంది.

నువ్వు మొదట పంపిన సీసాలు తాగాను. చేదు ఎంతో తెలిసింది, రంగు చూశాను, నురుగు చూశాను. ఆపిల్ తొక్కా, రొట్టే నీ బీరులోవి కావు. అవి నేను 1974లో కాసిన ఒక కాపు గురించి నోటు పుస్తకంలో రాసుకున్న మాటలు. అందులోంచి ఎత్తి నీకు రాశాను. నువ్వు దాన్ని గోడకి అంటించావు.

రెండో సారి పంపిన సీసా సంగతి ఇంకా హీనం. దాని మూత కూడా తీయలేదు. నాకు మతిపోయిందన్నావని కోపమొచ్చింది. ఆ కోపంలోనే కాగితం తీసుకొని పది నిమిషాల్లో "వెన్నా లేదు, గిన్నే లేదు" అని రాసి పడేశాను. నువ్వు నా మాట కోసం ట్యాంకు దగ్గర ఆగి ఉన్నావు. మూడు రోజులు వెచ్చగా ఉంచితే సరిపోయేది. ఈస్టే ఆ వెన్నని తినేసేది. నీకు తెలుసు, నువ్వే రాశావు కూడా.

నిన్న ఆ సీసా విర్ట్స్ గారమ్మ చేతికిచ్చి తాగమన్నాను. ఆవిడ ఒక్క గుక్క తాగి, "ఇందులో వెన్న ఎవరు వేశారండీ?" అంది. బీరు సంగతి ఏమీ తెలియని మనిషి.

ఇంకొకటుంది. ఇది రాయడానికే నాలుగు రోజులు పట్టింది. 1981లో నాలుగో ట్యాంకులో వెన్న ఉంది. నువ్వు అన్నప్పుడు నాకు ఉలుకు పుట్టింది. నువ్వు వెళ్ళాక మూత తీసి చూశాను. ఉంది, ఎంత కావాలంటే అంత ఉంది. ఆదివారం బ్రూవరీలో ఎవరూ లేనప్పుడు వెళ్ళి నా చేతులతో ఆ ట్యాంకంతా మోరీలోకి వదిలేశాను. సోమవారం అందరికీ చల్లబరిచే యంత్రం పాడైందని చెప్పాను. ఇరవై ఏళ్ళ పిల్ల పదిమందిలో నా తప్పు పట్టుకుంది, అది నేను తట్టుకోలేకపోయాను. నీ ముక్కులో లోపం లేదు, ఎప్పుడూ లేదు. లోపం ఉన్నది నాలో. మీ నాన్న నన్ను నమ్మి నీతో పోట్లాడాడు. వాడు పోయేదాకా నేను నోరు విప్పలేదు.

క్షమించమని అడిగే మొహం లేదు నాకు. ట్యాంకులు మాత్రం అమ్మకు.

గెరియోన్


ఓల్డర్‌సీల్, 12 జూన్

గెరియోన్ బాబాయ్‌కి,

ఆరు వారాలు పట్టింది. నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. వాటిలో ఉన్న మాటలు నీకు చేరకపోవడమే మంచిది.

వాసన పోయిన సంగతికి నిన్ను ఒక్క మాట అనను. ఆ ఒక్కటీ చదివి ఏడ్చాను కూడా. కాఫీ డబ్బాలో ముక్కు పెట్టుకొని నిలబడ్డ నిన్ను తలుచుకొని. కానీ మిగతాది ఉంది చూడు.

పదహారేళ్ళు బాబాయ్. రొయ్యల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు నిలబడి పని చేశాను, నాకు వేరే ఏమీ రాదనుకొని. వాన పడేముందు గట్టు మీద గడ్డి వాసన మారితే, అది నిజంగా మారిందా, నేను ఊహించుకుంటున్నానా అని నన్ను నేనే ప్రశ్నించుకునేదాన్ని. నాన్నతో ఆఖరి మాట ఏమైందో తెలుసా? "మీ తమ్ముడు చెప్పిందే నీకు వేదం, నీ కూతురు చెప్పింది అబద్ధం" అని ఫోను పెట్టేశాను. తర్వాత క్రిస్మస్ కార్డులు, అంతే. తర్వాత శ్మశానం. దీన్ని నువ్వు ఏ ఉత్తరంతో తిరిగి ఇస్తావు?

నేను చేసిన తప్పు కూడా నాకు తెలుసు. ఆ పీపాలు నింపింది నేనే. వాసన తెలిసి కూడా నింపాను. నువ్వు మూత తీయకుండా రాశావు, నేను మూత తీసి, వాసన చూసి, దాన్ని పక్కన పెట్టి నీ కాగితాన్ని నమ్మాను. ఈ మాట చెప్పడానికి కేటెల్స్ గారి ఇంటికి వెళ్ళాను. దళం వాళ్ళు ఏడుగురు వంటింట్లో కూర్చొని కాఫీ తాగుతున్నారు. నిలబడే చెప్పాను, వాసన తెలిసే పోశానని. కేటెల్స్ గారు, "మాకు పొగ వాసన వస్తే ఎవర్నీ అడగం రోస్విటా. గంట కొడతాం. ఒక్కోసారి ఎవరో సాసేజ్‌లు కాల్చుకుంటుంటారు, తిట్టించుకొని వస్తాం. అయినా మళ్ళీ కొడతాం" అన్నాడు. కుర్చీ జరిపి కాఫీ పోశాడు.

ట్యాంకులు అమ్మలేదు. హుసుమ్ ఆయన్ని మొమ్మె వాకిట్లోంచే పంపేశాడు.

నువ్వు ఒక పని చెయ్యాలి. నాకు రాసినట్టు కాదు, నోటితో చెప్పాలి. ఆ రోజు నవ్విన వాళ్ళలో ఎవరు మిగిలి ఉంటే వాళ్ళకి. అమ్మకి. ముక్కు సంగతి చెప్తావో లేదో నీ ఇష్టం, అది నీ సొంతం. నాలుగో ట్యాంకు సంగతి మాత్రం నాది. అది నాకు కావాలి.

రోస్విటా


కొలోన్, 30 జూన్

రోస్వీ,

రెండూ చెప్పాను. ముక్కూ, ట్యాంకూ. ఒకటి దాచి ఒకటి చెప్పడం చేతకాలేదు.

ముందు వదిన దగ్గరికి వెళ్ళాను. ఇరవై రెండో తారీకు, ఆదివారం. మీ అమ్మ వంటింట్లో ఈ ఏటి ఆఖరి తెల్ల ఆస్పరాగస్ చెక్కు తీస్తోంది. నేను చెప్తున్నంతసేపూ కత్తి ఆపలేదు, తలెత్తలేదు. అంతా అయ్యాక, "ఆసుపత్రిలో ఆఖరి వారం మీ అన్నయ్య, అమ్మాయి ఎందుకు రావట్లేదే అని రోజూ అడిగేవారు. పనులుంటాయండీ అని చెప్పేదాన్ని. నువ్వు ఆ మంచం పక్కనే కూర్చొని ఉండేవాడివి గెరియోన్" అంది. అంతే. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. వెళ్ళమని కూడా అనలేదు. కాసేపు నిలబడి నేనే వచ్చేశాను. కూర్చునే ఉన్నాను, అవును. మాటెస్ అడగడం నా చెవులతో విన్నాను. నా చెవులు అంత చెడ్డవి కావమ్మా, అవసరమైనప్పుడు వినపడేవి. ఇది నీకు తెలియాలని రాస్తున్నాను.

గురువారం బల్ల దగ్గర చెప్పాను. ఆ రోజుల నాటి వాళ్ళు ఇద్దరే మిగిలారు. షెంగ్, ఎంగెల్‌బెర్ట్. బీరు తెచ్చిన సర్వర్ కోబెస్ కూడా ట్రే పట్టుకొని నిలబడిపోయాడు. ముక్కు సంగతి చెప్పగానే షెంగ్, "ఓరి నీ అసాధ్యం కూలా! మరి మొన్న ఈస్టర్‌కి ఈ పీపా బాలేదని వెనక్కి పంపించావు కదరా!" అన్నాడు. "నీ మొహం చూసి పంపాను" అన్నాను. "అది నాకు పన్నునొప్పిరా!" అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను.

తర్వాత నాలుగో ట్యాంకు సంగతి చెప్పాను. నవ్వు ఆగింది. ఎంగెల్‌బెర్ట్ గ్లాసు మీద అట్టముక్క పెట్టేశాడు, ఇక పొయ్యొద్దని. "మాకు తెలుసు గెరియోన్" అన్నాడు. "ఏం తెలుసు?" అన్నాను. "వెన్న సంగతి. నాకూ వచ్చింది ఆ వాసన. షెంగ్‌కీ వచ్చింది. మాటెస్ పీపాలు కడుగుతూ నాతో అన్నాడు కూడా, పిల్ల చెప్పింది నిజమేనేమోరా అని. నువ్వు మాస్టర్‌వి. నువ్వు నవ్వావు, మేమూ నవ్వాం."

రోస్వీ, ఈ మాట నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మీ నాన్న నిన్ను అబద్ధాలకోరు అనుకోలేదు. వాడికి అనుమానం ఉంది. నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఏమనేవాణ్ణో నాకు తెలుసు, అందుకే అడగలేదేమో. ఇది నీకు ఊరటో, ఇంకో దెబ్బో నాకు తెలీదు. దాచడం మాత్రం ఇక నావల్ల కాదు.

ఎంగెల్‌బెర్ట్ నీకు ఉత్తరం రాస్తానన్నాడు. వాడు రాత మనిషి కాదు. రాకపోతే చెప్పాడనే అనుకో.

నేను ఆ బల్ల దగ్గరికి ఇంకా వెళ్తున్నాను. ఎలా ఉందని ఇప్పుడు నన్నెవరూ అడగరు. వింతగా ఉంది, కొంచెం తేలిగ్గా కూడా ఉంది.

గెరియోన్


ఓల్డర్‌సీల్, 20 జూలై

బాబాయ్,

ఎంగెల్‌బెర్ట్ గారి ఉత్తరం వచ్చింది. మూడే వాక్యాలు, అందులో రెండు వాతావరణం గురించి. మూడోది చాలు నాకు.

నాన్న మాట చదివి షెడ్డు బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. ఊరటా, దెబ్బా, రెండూను. నాతో ఒక్క ముక్క అని ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. అమ్మతో ఫోనులో మాట్లాడాను. ఇద్దరం ఆయన్ని తిట్టుకున్నాం, ఏడ్చాం. నిన్ను కూడా తిట్టుకున్నాం, నీకు తెలియాలి కదా.

ఈ నెల మొదట్లో మళ్ళీ కాశాను. ఈసారీ మూడో రోజు వెన్న వచ్చింది. ఎవర్నీ అడగలేదు. వెచ్చగా ఉంచాను, రోజూ పొద్దున్నే వెళ్ళి వాసన చూశాను. ఐదో రోజు పోయింది. దళం వాళ్ళు వచ్చి తాగారు. కేటెల్స్ గారు గ్లాసు ముందుకు జరిపాడు, ఇంకోటి పొయ్యమని.

నీకు తెలీదు కాబట్టి చెప్తున్నాను. ఆపిల్ లేదు ఇందులో. ముందు వచ్చేది తడి గడ్డి, గట్టు మీద గొర్రెలు నడిచి వెళ్ళాక వచ్చేలాంటిది. తర్వాత పచ్చి పిండి. చేదు కాస్త తొందరపడుతోంది, వచ్చే కాపులో హాప్స్ తగ్గించాలి. మింగాక, చాలా సన్నగా, సముద్రపు గాలిలో ఉండే ఉప్పదనం. అది నీళ్ళలోంచి వస్తోందో, నా పెదవుల మీద ఉన్నదో ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకుంటాను.

నిన్ను క్షమించానని ఈ ఉత్తరంలో ఎక్కడా లేదు, వెతక్కు. ఆ మాట ఇంకా నా నోటికి రావడం లేదు, రాని మాట రాయడం మన ఇద్దరికీ మంచిది కాదు. ఆగస్టు తొమ్మిది, శనివారం, పొద్దున ఏడింటికి కొలోన్‌లో రైలు ఉంది. ఆల్టోనాలో రైలు మారాలి. హుసుమ్‌లో దిగాక బస్సు కోసం చూడకు, మొమ్మె కారు తెస్తాడు. నేను రాలేను, ఆ రోజు ట్యాంకు దగ్గర ఉండాలి.

రోస్విటా